పది రూపాయల దరఖాస్తు ఎంతవరకు పనిచేస్తుంది: సమాచార హక్కు సేవపై సమీక్ష

పింఛను ఆగిపోయినా, రోడ్డు పని మధ్యలో నిలిచిపోయినా, పరీక్ష మార్కుల్లో తేడా వచ్చిందన్న అనుమానం కలిగినా, దానికి సంబంధించిన కాగితం ఏ అధికారి దగ్గర, ఏ తేదీ నుంచి ఉందో రాతపూర్వకంగా చెప్పించుకునే హక్కు మనకు 2005 అక్టోబరు 12 నుంచి అమల్లో ఉంది. సమాచార హక్కు చట్టాన్ని గురించి ఉపన్యాసాలు చాలా విన్నాం. అయితే దాన్ని ఒక సేవగా చూసి, రుసుము ఎంత, వాడటం ఎంత సులువు, చివరికి చేతికి ఏమి వస్తుంది, ఎక్కడ మొండిచెయ్యి చూపుతుంది అని వినియోగదారు దృష్టితో చెప్పేవారు తక్కువ. ఈ సమీక్ష ఆ దృష్టితోనే రాస్తున్నాను. నా అంచనా ముందే చెబుతాను: కాగితాలు అడగడం తెలిసినవారికి దీన్ని మించిన ప్రభుత్వ సేవ లేదు, కానీ దరఖాస్తు దశలో ఉన్న బలం రెండో అప్పీలుకు చేరేసరికి చాలావరకు సన్నగిల్లిపోతోంది.

రుసుము విషయంలో వంక పెట్టడానికి లేదు. కేంద్ర ప్రభుత్వ కార్యాలయానికి దరఖాస్తు రుసుము 10 రూపాయలు, కాపీలకు పేజీకి 2 రూపాయలు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారు ధ్రువపత్రం జతచేస్తే దరఖాస్తు రుసుము ఉండదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2005లో చేసిన నిబంధనలు ఇంకా ఉదారమైనవి, ఎందుకంటే వాటి ప్రకారం గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుమే లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై స్థాయిలో 10 రూపాయలు. సమాచారం ఎందుకు అడుగుతున్నారో చెప్పాల్సిన అవసరం లేదని సెక్షన్ 6(2) స్పష్టంగా చెబుతోంది కాబట్టి, కౌంటరు దగ్గర ‘ఇవన్నీ మీకెందుకండీ?’ అని ఎవరైనా అడిగితే ఆ సెక్షను పేరు చెప్పి ఊరుకోవచ్చు. గడువు 30 రోజులు. ఒకరి ప్రాణానికి గానీ స్వేచ్ఛకు గానీ సంబంధించిన సమాచారమైతే 48 గంటలు. గడువు దాటాక ఇచ్చే కాపీలకు డబ్బు తీసుకోకూడదన్న సెక్షన్ 7(6) చాలామంది దృష్టికి రాదు గానీ, వందల పేజీలు అడిగినవారికి అది చాలా పెద్ద వెసులుబాటు.

కేంద్ర కార్యాలయాలకు 2013 నుంచి ఆన్‌లైన్ పోర్టల్ ఉంది. మంత్రిత్వ శాఖనూ దాని కింది కార్యాలయాన్నీ జాబితాలోంచి ఎంచుకుని, ప్రశ్నలు రాసి, కార్డుతోనో యూపీఐతోనో రుసుము కడితే రిజిస్ట్రేషన్ నంబరు వస్తుంది. తర్వాత అప్పీలుకు కూడా ఆ నంబరే ఆధారం కాబట్టి దాన్ని జాగ్రత్తగా దాచుకోవాలి. పోస్టల్ ఆర్డరు కొని, రిజిస్టర్డ్ పోస్టులో పంపి, అందినట్టు రసీదు కోసం ఎదురుచూసే పద్ధతితో పోలిస్తే ఇది ఎంతో మెరుగు. అయితే రెండు లోపాలున్నాయి. ఇందులో రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయానికి ఉద్దేశించిన దరఖాస్తు వేస్తే దాన్ని తిప్పి పంపుతారు, కట్టిన రుసుము మాత్రం తిరిగి రాదు. రెండోది నాకు మరింత బాధ కలిగించే విషయం. ఆ ప్రాంతపు అధికార భాషలో దరఖాస్తు చేసుకోవచ్చని చట్టమే చెబుతుండగా, పోర్టల్‌లో ప్రశ్నలు రాసే పెట్టె కింద ఉన్న సూచన ఆంగ్ల అక్షరాలకూ, అంకెలకూ, కొన్ని గుర్తులకూ మాత్రమే చోటిస్తుంది. తెలుగులో రాయదలచినవారు తమ దరఖాస్తును పీడీఎఫ్‌గా జతచేయడమే మార్గం. చట్టం ఇచ్చిన భాషా హక్కును ఒక వెబ్ పేజీ ఇలా కుదించడం న్యాయం కాదు, సరిచేయడం సాంకేతికంగా కష్టమూ కాదు.

ఈ సేవ నాణ్యతలో సగభాగం మనం ప్రశ్న రాసే తీరును బట్టే ఉంటుంది. ‘మా కాలనీ రోడ్డు ఎందుకు పాడైంది, బాధ్యులపై ఏం చర్య తీసుకుంటారు?’ అని అడిగితే జవాబు దాదాపుగా రాదు, వచ్చినా ఒక వాక్యానికి మించదు. కార్యాలయం దగ్గర రికార్డుగా ఉన్నదాన్ని ఇవ్వడమే అధికారి బాధ్యత గానీ, లేని సమాచారాన్ని తయారుచేసి ఇవ్వడం, అభిప్రాయాలు చెప్పడం కాదని సుప్రీంకోర్టు 2011లో సీబీఎస్ఈ జవాబు పత్రాల కేసులో తేల్చింది. అదే తీర్పులో పరీక్ష రాసినవారికి తమ జవాబు పత్రాన్ని చూసుకునే హక్కు ఉందని కూడా కోర్టు చెప్పింది కాబట్టి, ఆ తీర్పును పౌరుడికి వ్యతిరేకమైనదిగా చూడనక్కర్లేదు. కాగితాన్ని పేరు పెట్టి అడగండి అని చెప్పినట్టుగా తీసుకుంటే అది మంచి మార్గదర్శి.

రోడ్డు విషయమే తీసుకుంటే, అడగవలసినవి ఇవి: మంజూరైన ఎస్టిమేటు, కాంట్రాక్టరుతో చేసుకున్న ఒప్పందం, చెల్లించిన బిల్లులు, నాణ్యత పరీక్షల నివేదికలు, అన్నిటికంటే ముఖ్యంగా కొలతల పుస్తకం. ఇంజినీరింగ్ కార్యాలయాల్లో దీన్ని ఎం.బుక్ అంటారు. చూడటానికి సాదాసీదా పుస్తకమే గానీ, పని జరిగిందనడానికి ప్రభుత్వం దగ్గర ఉండే మూల సాక్ష్యం అదే. పని పేరు, ఆ తర్వాత వరుసగా సంఖ్య, పొడవు, వెడల్పు, మందం, చివరి గడిలో వాటి గుణకారంతో వచ్చే ఘనపరిమాణం, కింద కొలిచిన ఇంజినీరు సంతకం, తేదీ ఉంటాయి. సిమెంటు రోడ్డు మందం 0.15 మీటర్లని అందులో రాసి ఉంటే, రోడ్డు అంచు తెగి కనిపించే చోట స్కేలు పెట్టి చూడటానికి ఇంజినీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. పొడవునైతే టేపు పట్టుకుని ఇద్దరు మనుషులు కొలిచేయవచ్చు. పుస్తకంలో ఉన్న అంకెకూ నేల మీద ఉన్న అంకెకూ తేడా వచ్చినప్పుడు, అప్పటివరకు మనం చెప్పేది ఆరోపణ అన్నవారు కూడా కాగితం ముందు జవాబు చెప్పక తప్పదు. సెక్షన్ 2(జె) ప్రకారం పనులను స్వయంగా పరిశీలించే హక్కూ, వాడిన సామగ్రి నమూనాలను ధ్రువీకరించి ఇవ్వమని కోరే హక్కూ మనకున్నాయి. సేవలో ఇంత విలువైన భాగాన్ని ఇంత తక్కువమంది వాడుకోవడం విచారకరం.

కాగితాన్నీ నేలనూ పక్కపక్కన పెట్టి చూసే ఈ పద్ధతి చట్టం కంటే పాతది. రాజస్థాన్‌లో అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ తదితరులు గ్రామీణ కూలీలతో కలిసి 1990లో ఏర్పరచిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్, 1994 డిసెంబరులో కోట్ కిరానా గ్రామంలో తొలి ప్రజా విచారణ జరిపి, పనుల మస్టర్ రోళ్లనూ (కూలీల హాజరు పట్టీలు) బిల్లులనూ ఊరివారి ఎదుట చదివి వినిపించింది. పని చేసినట్టు రాసి ఉన్నవారు అక్కడే కూర్చుని తాము ఆ పని చేయలేదని చెబుతుంటే ఇక వేరే రుజువు అక్కర్లేకపోయింది. ఆ కాగితాలను చూసే హక్కు కోసమే 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజులు ధర్నా చేశారు. ‘హమారా పైసా, హమారా హిసాబ్’ అన్న వారి నినాదం, మన డబ్బుకు మనకే లెక్క చెప్పాలన్న ఆ డిమాండు, తొమ్మిదేళ్ల తర్వాత చట్టమైంది. మన ప్రాంతంలో 2006 నుంచి ఉపాధి హామీ పనులపై జరిగిన సామాజిక తనిఖీలకు కూడా మూలం అదే. అంటే ఈ సేవను రూపొందించిన వారిలో దినకూలీలు కూడా ఉన్నారు, దీన్ని వాడటానికి వకీలు అవసరం లేకపోవడానికి కారణం బహుశా అదే.

కాపీల కంటే నేను ఎక్కువగా సిఫార్సు చేసేది ఫైలు పరిశీలన. కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి గంటకు రుసుము లేదు, ఆ తర్వాత గంటకు 5 రూపాయలు. ఏ కాగితం పేరు ఏమిటో తెలియనప్పుడు, పరిశీలన కోరుతూ దరఖాస్తు పెట్టి, ఫైలంతా చూసి, కావలసిన పేజీలకే కాపీలు అడగటం తెలివైన పని. ఒక కార్యాలయంలో నేను అలా ఫైలు ముందు కూర్చున్నప్పుడు, ఉత్తరప్రత్యుత్తరాల కంటే, సిబ్బంది తమ అభిప్రాయాలు రాసి పైకి పంపే నోటు కాగితాలు ఎక్కువ విషయం చెప్పాయి. కింది గుమాస్తా రాసిన పేరా, దాని కింద సూపరింటెండెంటు పొట్టి సంతకం, పక్కన తేదీ, ఆపైన అధికారి రాసిన ‘చర్చించండి’ అన్న ఒక్క మాట, ఆ తర్వాతి తేదీకి మధ్య నెలల ఖాళీ. ఆ చర్చ జరిగిందనడానికి ఫైలులో ఎక్కడా ఆధారం లేదు. ఆ ఒక్క పేజీ కాపీ తీసుకుని ఎవరిని ఏమి అడగాలో నాకు స్పష్టమైంది.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఇది సమాచారం ఇచ్చే సేవ, పని చేసిపెట్టే సేవ కాదు. పని కావాలంటే ముందు ఫిర్యాదే పెట్టాలి. ఫిర్యాదు ‘పరిష్కరించబడింది’ అన్న సందేశంతో మూతపడి, సమస్య మాత్రం అలాగే ఉన్నప్పుడు సమాచార హక్కు దరఖాస్తు అక్కరకొస్తుంది. ఫలానా నంబరు ఫిర్యాదుపై ఏ తేదీన ఏ అధికారి ఏ చర్య తీసుకున్నారో చూపే రికార్డులు, క్షేత్ర పరిశీలన నివేదిక, ఫిర్యాదును ముగించడానికి ఆధారమైన నోటు ఇవ్వమని అడిగితే, ఆ పరిశీలన జరిగిందో లేదో తేలిపోతుంది. ఈ రెండు సేవలనూ ఈ వరుసలో వాడితేనే ఫలితం ఉంటుందన్నది నా గట్టి నమ్మకం.

జవాబు రాకపోతే, లేదా ‘సమాచారం అందుబాటులో లేదు’ అన్న ఏకవాక్య జవాబు వస్తే, 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయవచ్చు. కేంద్ర కార్యాలయాల్లో దానికి రుసుము లేదు. అప్పీలు వినేది అదే సంస్థలోని పై అధికారి కాబట్టి ప్రయోజనం ఉండదని కొందరు వదిలేస్తారు. ఆ నిరాశ అర్థం చేసుకోదగినదే గానీ నేను దానితో ఏకీభవించను, ఎందుకంటే కింది అధికారి ఆపిన కాగితం విషయం పై అధికారికి తెలిసేది చాలాసార్లు ఈ అప్పీలుతోనే. అప్పీలులో ఆవేశం కంటే అంశాల వరుస ముఖ్యం: అడిగిన ఏ అంశానికి జవాబు రాలేదో, సమాచారం ఇవ్వనక్కర్లేదని చెప్పే ఏ మినహాయింపు సెక్షనూ చూపకుండా దేన్ని నిరాకరించారో అంశాల వారీగా రాయాలి.

అసలు లోపం ఆ తర్వాతి మెట్టులో ఉంది. మొదటి అప్పీలు ఉత్తర్వు అందిన 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వేయాలని పౌరుడికి గడువు పెట్టిన చట్టం, ఆ అప్పీలును ఎన్నాళ్లలో తేల్చాలో కమిషన్‌కు గడువు పెట్టలేదు. పైగా కమిషనర్ల పోస్టులు ఖాళీగా ఉంటే వినేవారే ఉండరు. ఖాళీలు సకాలంలో నింపాలని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరిలో ఆదేశించిన తర్వాత కూడా, తెలంగాణ సమాచార కమిషన్ 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే వరకు కమిషనర్లు లేకుండా ఉండిపోయింది. సమాచారం ఇవ్వని అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున, 25,000 రూపాయల వరకు జరిమానా వేసే అధికారం కమిషన్‌కే ఉంది కాబట్టి, కమిషన్ ఆగిపోతే ఆ జరిమానా భయం కూడా ఆగిపోతుంది. 30 రోజుల గడువుకు గౌరవం తెచ్చేది ఆ భయమే. ఈ ఒక్క కారణంగానే నేను ఈ సేవను పూర్తిగా మెచ్చుకోలేకపోతున్నాను.

చట్టంలో వచ్చిన మార్పులు కూడా వినియోగదారుకు అనుకూలంగా లేవు. మొదట్లో 5 ఏళ్లుగా స్థిరంగా ఉన్న కమిషనర్ల పదవీకాలాన్ని, వారి జీతాలను నిర్ణయించే అధికారం 2019 సవరణతో కేంద్రం చేతికి వెళ్లింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం సెక్షన్ 8(1)(జె)ను మార్చి, వ్యక్తిగత సమాచారాన్ని ఏ షరతూ లేకుండా మినహాయింపులో చేర్చింది. అంతకుముందు ఆ సెక్షనులోనే విస్తృత ప్రజాప్రయోజనం అన్న తలుపు ఉండేది. పేర్లున్న మస్టర్ రోలు, లబ్ధిదారుల జాబితా వంటివి అడిగినప్పుడు ఈ సెక్షను అడ్డు రావచ్చు కాబట్టి, ప్రజాప్రయోజనం ఎక్కువైతే మినహాయింపు ఉన్నా సమాచారం ఇవ్వవచ్చన్న సెక్షన్ 8(2)ను దరఖాస్తులోనే ప్రస్తావించి, ఆ ప్రయోజనం ఏమిటో ఒకటి రెండు వాక్యాల్లో రాయడం మంచిది.

కొత్తగా వాడేవారు దరఖాస్తుకు ముందు ఆ కార్యాలయం వెబ్‌సైటును ఒకసారి చూడాలి. అధికారుల విధులు, బడ్జెటు కేటాయింపులు, రాయితీ పథకాల లబ్ధిదారుల వివరాలు సహా 17 రకాల సమాచారాన్ని ఎవరూ అడగకుండానే ప్రచురించాలని సెక్షన్ 4(1)(బి) చెబుతోంది. అది కనిపిస్తే రుసుమూ నిరీక్షణా రెండూ తప్పుతాయి. కనిపించకపోతే, లేదా పాత వివరాలే పెట్టి వదిలేస్తే, ఆ సెక్షను కింద చివరిసారి ఏ తేదీన, ఎవరి ఆమోదంతో వివరాలు ప్రచురించారో చూపే రికార్డు ఇవ్వమన్నదే మొదటి దరఖాస్తులో మొదటి ప్రశ్నగా రాయవచ్చు.