ప్రైవేటు విశ్వవిద్యాలయమా, ప్రభుత్వ విశ్వవిద్యాలయమా: అసలు ఖర్చు లెక్క

ప్రకటించిన ఫీజులను పక్కపక్కన పెట్టి ప్రైవేటు విశ్వవిద్యాలయమే ఖరీదని తేల్చేయడం తొందరపాటు. పోల్చవలసింది ఉపకార వేతనాలు, రాయితీలు పోగా కుటుంబం చేతి నుంచి వాస్తవంగా వెళ్లే మొత్తాలను. ప్రభుత్వ సంస్థలో బోధన ఖర్చులో కొంత ప్రజాధనమే భరిస్తుంది కనుక అక్కడి ఫీజు మొదటి నుంచీ తక్కువగా ఉంటుంది. ప్రైవేటు సంస్థ ఎక్కువ ఫీజు ప్రకటించి, ప్రతిభనో ఆదాయాన్నో బట్టి కొందరికి తగ్గిస్తుంది.

ఆ తగ్గింపు చదువు పూర్తయ్యేదాకా కొనసాగుతుందా అన్నదే కీలకం. మొదటి సంవత్సరానికే పరిమితమైనా, మార్కులు తగ్గితే రద్దయ్యేదైనా లెక్క తలకిందులవుతుంది. ఫీజు ఏటా 8 శాతం పెరిగితే మొదటి ఏడాది 100 ఉన్నది నాలుగో ఏడాదికి దాదాపు 126 అవుతుంది. రాయితీ స్థిరమైన మొత్తమైతే ఆ పెరుగుదల అంతా కుటుంబం మీదే పడుతుంది. అప్పు చేస్తే, 10 శాతం చక్రవడ్డీతో 100 నాలుగేళ్లలో 146 దాటుతుంది. రుణాన్ని సైతం ‘ఆర్థిక సహాయం’ కింద చూపే ప్రవేశ లేఖలుంటాయి. తిరిగి కట్టవలసిన సొమ్మును సహాయం అనడం నాకు మింగుడుపడదు.

వసతి, భోజనం, పుస్తకాల ఖర్చు రెండు చోట్లా తప్పదు.

ప్రభుత్వ సంస్థకూ పైకి కనిపించని ఖర్చు ఒకటి ఉండవచ్చు. తప్పనిసరి కోర్సుల్లో సీట్లు చాలకనో, పరీక్షలు ఆలస్యమయ్యో చదువు అదనంగా ఒక ఏడాది సాగితే, ఆ ఏడాది ఖర్చుతోపాటు రావలసిన తొలి ఏడాది జీతాన్నీ నష్టం కింద రాసుకోవాలి.