అనంతపురంలో సెకండ్ హ్యాండ్ మ్యాక్ కొనేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

క్లాక్ టవర్ వైపు సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌లు అమ్మే షాపు ఒకటుంది, పేరు రాయను కానీ ఇక్కడ కొనేవాళ్లలో చాలామందికి అర్థమైపోతుంది. వాళ్ల దగ్గర ఎమ్1 మ్యాక్ మినీ (ఎమ్1 చిప్ ఉన్న యాపిల్ చిన్న డెస్క్‌టాప్ కంప్యూటర్) 28 వేలకు కొన్నా, మొత్తం యూపీఐలో ఒకేసారి కట్టేశా. ఇప్పుడది ఎందుకూ పనికిరాకుండా బల్ల మీద పడి ఉంది.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మల్టీప్రాసెసింగ్ (ఒకేసారి చాలా ప్రాసెస్‌లు నడిపే భాగం) వైపు చిన్న మార్పు ఒకటి చేస్తున్నా. దాని టెస్టులు లైనక్స్, విండోస్, మ్యాక్ మూడింటిమీదా పాసవ్వాలి. మొదటి రెండూ నా పాత లాప్‌టాప్‌లోనే ఉన్నాయి, అక్కడ అన్నీ పాసే. మ్యాక్‌లో మాత్రం ఫెయిల్, ఎందుకంటే సెమఫోర్ (ప్రాసెస్‌లు ఒకదానికొకటి అడ్డు రాకుండా లెక్కపెట్టే కౌంటర్) విలువ చదివే సెమ్_గెట్‌వాల్యూ అనే ఫంక్షన్‌ను మ్యాక్‌ఓఎస్ అసలు అమలే చేయలేదు, అందుకే ప్రాసెస్‌ల మధ్య డేటా పంపే క్యూలో ఎన్ని ఉన్నాయని అడిగితే ఎర్రర్ కొడుతుంది. పోనీ నా లాప్‌టాప్‌లోనే వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా నడిచే సాఫ్ట్‌వేర్‌లో) పెట్టుకుందామంటే, యాపిల్ లైసెన్స్ ప్రకారం మ్యాక్‌ఓఎస్‌ను వాళ్ల మెషీన్ల మీదే నడపాలి. అందుకని కొన్నా.

పాత ఓనరు వేసుకున్న లైబ్రరీలు అడ్డొస్తే టెస్టు ఫలితాలను నమ్మలేం కదా, ఇంటికి రాగానే మొత్తం ఎరేజ్ చేశా. సెటప్‌లో వైఫై కలిపిన వెంటనే రిమోట్ మేనేజ్‌మెంట్ (కంపెనీలు తమ మెషీన్లను దూరం నుంచి అదుపులో పెట్టుకునే ఏర్పాటు) అని స్క్రీన్ వచ్చింది, కింద బెంగళూరు కంపెనీ ఒకదాని పేరు, లాగిన్ అడుగుతోంది. అంటే ఆ సీరియల్ నంబరు ఇంకా ఆ కంపెనీ లెక్కలోనే ఉంది, వాళ్లు వదిలితే తప్ప ఎన్నిసార్లు ఎరేజ్ చేసినా అదే స్క్రీన్.

వెంటనే షాపాయనకు ఫోన్ చేశా. "అన్నా, రీసెట్ చేశాను" అన్నానంతే, ఇంకో మాట అనలేదు, స్క్రీన్ సంగతే ఎత్తలేదు. ఆయనే అడిగాడు, "రిమోట్ మేనేజ్‌మెంట్ అంటా ఉందా?" అని. అంటే అమ్మేటప్పుడే తెలుసు! నా చేతికిస్తూ "ఏం టెన్షన్ వద్దప్పా, కొత్తదాని లెక్క" అన్నప్పుడూ తెలుసు. డబ్బులు వెనక్కిమ్మంటే "నేనిచ్చినప్పుడు ఆన్ అయిందా లేదా? రీసెట్ చేయమని నీకెవరు చెప్పినారు?" అని గదమాయించాడు. పైగా బైపాస్ చేసే పిల్లోడున్నాడు, 3 వేలిస్తే చేస్తాడు అంటాడు. కంపెనీ సొత్తు అయిన మెషీన్‌కు తాళం పగలగొట్టించుకోడానికి నేనెందుకు డబ్బులివ్వాలి? బిల్లు అడిగితే ఫోన్ పెట్టేశాడు. ఆ గొంతు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

1915కు ఫోన్ చేసి వినియోగదారుల ఫిర్యాదు పెట్టా. యూపీఐ రసీదు, ఆయన వాట్సాప్ మెసేజ్‌లు, ఆ స్క్రీన్ ఫొటో అన్నీ దాచిపెట్టా.

కొనేవాళ్లు షాపులోనే, డబ్బులివ్వకముందే ఎరేజ్ చేయించండి, మీ ఫోన్ హాట్‌స్పాట్ కలిపి డెస్క్‌టాప్ వచ్చేదాకా సెటప్ నడిపించండి. నెట్ లేకుండా సెటప్ చేసి చూపిస్తే ఒప్పుకోవద్దు. సీరియల్ నంబరుతో బిల్లు తీసుకోండి. ఓపెన్ సోర్స్ పని కోసమే అయితే గిట్‌హబ్ అనే కోడ్ సైట్‌లో పబ్లిక్ ప్రాజెక్టులకు మ్యాక్ రన్నర్లు (టెస్టులు నడిపిపెట్టే వాళ్ల మ్యాక్ మెషీన్లు) ఉచితమే, ప్రస్తుతానికి నా టెస్టులు కూడా అక్కడే నడుపుతున్నా. కాకపోతే ఫెయిలైన చోట ఆగి, డీబగ్గర్ (తప్పు ఎక్కడుందో వెతికే టూల్) పెట్టి నిదానంగా చూసుకోవడం అక్కడ కుదరడం లేదు, ఈ మెషీన్ కొన్నది దానికోసమే.