ఏడు పంటలు వాడిన ఎకరాల డబ్బా

మాది నిడమనూరు దగ్గర పల్లె, సాగర్ ఎడమ కాల్వ కింద. రెండు ట్రాక్టర్లు కిరాయికి తిప్పుతాను. దమ్ముకు ఎకరం లెక్కన పైసలు కాబట్టి ప్రతి మడి దగ్గరా ఒక పంచాయితీ. రైతు రెండెకరాలంటాడు, మా డ్రైవర్ రెండున్నర అంటాడు, చివరికి ఇద్దరూ నా మొహం చూస్తారు. ఆ పోరు పడలేక 2021 వానాకాలంలో అరచేతిలో పట్టే జీపీఎస్ కొలత మిషన్ ఒకటి కొన్నా, ఐదు వేల లోపే. మా ఊళ్ళో దాని పేరు ఎకరాల డబ్బా. కాల్వ నీళ్ళు రాక ఖాళీగా పోయిన ఒక యాసంగి తీసేస్తే ఇప్పటికి ఏడు పంటలు వాడినట్టు.

మొదటిరోజే పరువు పోయింది. ఎకరం మడి చుట్టూ తిరిగొస్తే ఆరు చూపించింది. డబ్బా చైనాది, అందులో కొలత 'మూ'ల్లో ఉంది. ఒక మూ అంటే సుమారు 667 చదరపు మీటర్లు, ఎకరానికి ఆరు మూలు. సెట్టింగుల్లోకి వెళ్ళి ఎకరాలకు మార్చేసరికి రైతు బీడీ అయిపోయింది.

దీనికన్నా పెద్ద చిక్కు చుక్క దగ్గర వచ్చింది. డబ్బా 1.35 అని చూపిస్తే మావాళ్ళు ఎకరం ముప్పై ఐదు గుంటలని చదువుతారు. తప్పు వాళ్ళది కాదు, మన పాస్‌బుక్కుల్లో చుక్క తర్వాత రాసేది గుంటలే. డబ్బా చుక్క తర్వాత చూపించేది ఎకరంలో వందో వంతులు. ఎకరానికి నలభై గుంటలు కాబట్టి 0.35ని నలభైతో గుణిస్తే పద్నాలుగు గుంటలు. అంటే ఎకరం పద్నాలుగు. ఈ ఒక్క గుణకారం మీద మా డ్రైవర్‌కూ ఓ కౌలు రైతుకూ మాటలు బందయినయి. ఇప్పుడు డబ్బా వెనక తెల్ల ప్లాస్టర్ అతికించి గుంటల పట్టిక రాసి పెట్టా. కొనేవాళ్ళు ముందు ఆ పని చేయండి.

"పైనున్న సాటిలైటు నా పొలం జూస్తదా బిడ్డా?" అని ఓ పెద్దాయన అడిగిండు. చూడదు తాతా. జీపీఎస్ ఉపగ్రహాలు ఇరవై వేల కిలోమీటర్ల పైన తిరుగుతూ దండోరా వేస్తుంటాయి: నేను ఫలానా చోట ఉన్నా, నా గడియారంలో ఇప్పుడు ఇంత టైమని. మన డబ్బా వింటుంది, అంతే. తిరిగి ఏమీ పంపదు. ఆ కేక కిందికి చేరడానికి సెకనులో వందో వంతులు ఏడెనిమిది పడుతుంది. ఎంత ఆలస్యంగా చేరిందో చూసుకుని ఆ ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో లెక్క కడుతుంది. గడియారం సెకనులో పదిలక్షల వంతు తప్పినా మూడొందల మీటర్ల తేడా, అందుకే వాటిలో అణు గడియారాలు పెడతారు. మన డబ్బాలోది చవక గడియారం. దాని తప్పు కూడా తేల్చుకోవాలి కాబట్టి మూడు ఉపగ్రహాలు చాలవు, నాలుగు వినిపించాలి.

షెడ్డులో నెలల తరబడి పడున్నాక ఆన్ చేస్తే చాలాసేపు తడుముకుంటుంది, పాడైందని భయపడకండి. ఉపగ్రహాలు ఎక్కడెక్కడ ఉన్నాయన్న పాత సమాచారం పనికిరాక మళ్ళీ వినాలి. ఒక్కో ఉపగ్రహం తన దారి వివరం చెప్పడానికే అర నిమిషం తీసుకుంటుంది, అన్నిటి జాబితా పూర్తిగా రావాలంటే పన్నెండున్నర నిమిషాలు. ఫోన్ ఆ సంగతి నెట్ నుంచి తెచ్చుకుంటుంది, అందుకే చప్పున దొరుకుతుంది. అట్లని నెట్ లేకపోతే జీపీఎస్ లేదనుకోవద్దు. మన్ననూరు దాటి శ్రీశైలం అడవి దారిలో సిగ్నల్ పోయాక చూడండి, మ్యాపు తెల్లగా ఉన్నా నీలం చుక్క మాత్రం కదులుతూనే ఉంటుంది.

ఇక కొలత ఎంత నికరమన్నది. మా గెట్టు రాయి మీద డబ్బా పెట్టి వారం రోజులు పొద్దున, సాయంత్రం అంకెలు రాసుకున్నా. ఐదో దశాంశంలో ఒకటి మారితే సుమారు మీటరు. రాయి కదలలేదు గానీ అంకెలు మాత్రం నాలుగు మీటర్ల దాకా అటూ ఇటూ పోయినయి. మరి ఇంత తప్పులో ఎకరం ఎట్లా సరిపోతుంది? మడి చుట్టూ నడిచే పది నిమిషాల్లో ఆ తప్పు ఎక్కువగా ఒకే దిక్కుకు ఉంటుంది. మడి మొత్తం పక్కకు జరుగుతుంది, విస్తీర్ణం పెద్దగా మారదు. అందుకే ఎంత దున్నామో చెప్పడానికి ఈ డబ్బా మంచిది. గెట్టు ఎక్కడుందో చెప్పమంటే పనికిరాదు. ఫోన్‌లో కొలిచినా ఇదే మాట.

పోయినేడు అన్నదమ్ములిద్దరు ఫోన్ పట్టుకుని వచ్చారు. ఉపగ్రహం బొమ్మ మీద గీత తమ్ముడి వైపు రెండు మీటర్లు జరిగి ఉంది. "నీ డబ్బతోని ఓసారి సూడు బావా" అన్నాడు తమ్ముడు. నా డబ్బా తప్పే నాలుగు మీటర్లు, నేను రెండు మీటర్ల తగవు ఎట్లా తీర్చను? రోవర్ ఉన్న సర్వేయర్‌ను పిలుచుకోమన్నా. రోవర్‌కు తన చోటు కచ్చితంగా తెలిసిన స్థిర కేంద్రం నుంచి సవరణలు అందుతాయి, తప్పు సెంటీమీటర్లలోకి దిగుతుంది. ఆయన వచ్చి టిప్పన్, అంటే పాత సర్వే కొలతల పటం, చూసి కొలిచాడు. ఉన్న గెట్టుకు జానెడు కూడా తేడా లేదు.

ఒడ్డు మీద నడుస్తున్నామా, లోపల నడుస్తున్నామా అన్నది అన్నిటికన్నా ముఖ్యం. చదరంగా ఉన్న ఎకరం మడిలో చుట్టూ మీటరు లోపలగా తిరిగితే రెండున్నర గుంటలు పోతాయి. పదెకరాల చెక్కలో అదే తప్పుకు ఎనిమిది గుంటలు, అంటే నూటికి రెండే. చిన్న మళ్ళకు ఈ డబ్బాను నేను నమ్మను, అరెకరం లోపు మా దగ్గర టేపే. తాటిచెట్ల వరస కింద, ఇంటి గోడ పక్కన ఉపగ్రహాల కేకలు తగిలి మళ్ళి వస్తాయి, కొలత చెడుతుంది. డబ్బాను అంగీ జేబులో పెట్టుకుని నడవడం కూడా తప్పే. మనిషి ఒళ్ళు అడ్డం, పైకెత్తి పట్టుకోవాలి.

2000 మే దాకా అమెరికా సామాన్యుల జీపీఎస్ సిగ్నల్‌ను కావాలనే చెడగొట్టేది. తప్పు వంద మీటర్ల దాకా ఉండేదట, ఎకరం మడి పొడవు అరవై నాలుగే. జీపీఎస్ లాంటిదే మన దేశానిది నావిక్, అది నా డబ్బాలో లేదు. 2013లో మొదలైన ఆ వరసలో 2023లో వెళ్ళిన ఎన్‌వీఎస్-01లో మన దేశంలోనే చేసిన అణు గడియారం ఉంది, మామూలు ఫోన్లు కూడా అందుకునే ఎల్1 సిగ్నల్ ఉంది. ఇప్పుడు కొనేవాళ్ళు నావిక్ ఉన్నది అడగండి. నా మటుకు దమ్ము లెక్కలో తేడా తెలిసేది కాదేమో.

బ్యాటరీ మూడో ఏడు నుంచి పూటకే అయిపోతోంది. ఎండలో తెర కనపడదు, తువ్వాల కప్పుకుని చూడాలి. మధ్య బటన్ రబ్బరు ఊడిపోయింది, అమ్మినతను ఫోన్ ఎత్తడు. అయినా ఈ ఏడు పంటల్లో కిరాయి దగ్గర గొడవ పడింది వేళ్ళ మీద లెక్కే. ప్రస్తుతం డబ్బా దేవరకొండ వైపు మా బావమరిది దగ్గరుంది, బత్తాయి తోట కొలుస్తానని తీసుకుపోయిండు. నిన్న ఫోన్ చేసి నాలుగెకరాల తోట ఇరవై నాలుగు చూపిస్తోందన్నాడు.