క్యూలో ఉందో లేదో చూడటానికి కంటెయిన్స్ మేలా, పక్కన సెట్ మేలా?

జావా ప్రోగ్రామింగ్ భాషలో పలు థ్రెడ్లు (ప్రోగ్రామ్‌లో ఒకేసారి నడిచే పని ధారలు) పంచుకునే క్యూలో, అంటే పనుల వరుసలో, ఒక పని ఇప్పటికే ఉందో లేదో ఎలా తెలుసుకోవాలని చాలామంది అడుగుతుంటారు. అడిగేవారిలో ఎక్కువమంది అసలు ఉద్దేశం, ఒకే పని రెండుసార్లు క్యూలో పడకూడదన్నదే.

చేతికందే మార్గం ఉందో లేదో చెప్పేందుకు క్యూకే ఉన్న కంటెయిన్స్ మెథడ్. కాంకరెంట్‌లింక్డ్‌క్యూ అనే రకం క్యూలో అది మొదటి నోడ్ (క్యూలో ఒక్కో అంశం ఉండే గడి) నుంచి ఒక్కొక్కదాన్నీ, రెండూ సమానమా అని చెప్పే ఈక్వల్స్‌తో పోల్చుకుంటూ పోతుంది. లాక్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే అనుమతించే తాళం) వేయదు గనుక, ఈలోగా జరిగిన చేర్పులు దాని కంట పడవచ్చు, పడకపోవచ్చు. లింక్డ్‌బ్లాకింగ్‌క్యూలోనైతే పుట్, టేక్ లాక్‌లు రెంటినీ పట్టుకుని వెతుకుతుంది కాబట్టి, వెతకడం పూర్తయ్యేదాకా క్యూలో పెట్టే థ్రెడ్లూ, తీసే థ్రెడ్లూ ఆగవలసిందే.

ఈ ఆలస్యాన్నైనా భరించవచ్చు గానీ, వచ్చిన జవాబు చేతికందేసరికే పాతబడిపోవడాన్ని భరించలేము. 4471 నంబరు ఇన్‌వాయిస్ కోసం రెండు థ్రెడ్లు ఒకేసారి అడిగితే రెంటికీ ‘లేదు’ అనే జవాబు వస్తుంది, రెండూ దాన్ని చేరుస్తాయి, వినియోగదారుడికి రెండు బిల్లులు వెళతాయి. కంటెయిన్స్, క్యూలో చేర్చే ఆఫర్ మెథడ్ విడివిడిగా ఎంత సురక్షితమైనా, ఆ రెంటి నడుమ ఉన్న సందును క్యూ కాపాడలేదు.

అందుకే నా మొగ్గు రెండో మార్గం వైపు. జావా 8లో వచ్చిన కాంకరెంట్‌హ్యాష్‌మ్యాప్ న్యూకీసెట్‌తో పక్కన ఒక సెట్ (ఒక్కో అంశాన్ని ఒక్కసారే ఉంచుకునే సంచయం) పెట్టుకుని, ముందుగా అందులో యాడ్ పిలవాలి. పోటీపడిన థ్రెడ్లలో ఒక్కదానికే ‘ట్రూ’ (కొత్తగా చేరింది అని) వస్తుంది. అదొక్కటే క్యూలో చేర్చాలి. వెతకడం, చేర్చడం ఒకే చర్యగా జరిగిపోతాయి కనుక కంటెయిన్స్‌తో పనే ఉండదు. అయితే కొంత అదనపు మెమరీ పడుతుంది, ఈక్వల్స్, హ్యాష్‌కోడ్ (సెట్‌లో వెతకడానికి అంశానికొక సంఖ్యనిచ్చే మెథడ్) సరిగా రాసి ఉండాలి. క్యూ నిండి ఆఫర్ ‘ఫాల్స్’ ఇస్తే సెట్‌లోంచి ఆ పనిని తీసేయాలి. లేకుంటే అది మళ్లీ ఎన్నడూ క్యూలో చేరదు. క్యూ నుంచి తీసుకున్న పనిని సెట్‌లోంచి ఎప్పుడు తొలగించాలన్నది మరింత జాగ్రత్తగా తేల్చుకోవాలి. తాజా వివరాలను మళ్లీ చదివి చేసే పని అయితే, మొదలుపెట్టే ముందే తొలగించడం మంచిది. ముగిశాక తొలగిస్తే, ఈ మధ్యలో వచ్చిన కొత్త మార్పు నకలుగా లెక్కకొచ్చి జారిపోతుంది.

థ్రెడ్ల పోటీ తక్కువైన చోట ఒకే లాక్ కింద లింక్డ్‌హ్యాష్‌సెట్ కూడా సరిపోతుంది, చేర్చిన వరుస కూడా నిలుస్తుంది. కంటెయిన్స్‌ను పర్యవేక్షణ తెరల మీద చూపడానికో, టెస్టుల్లోనో వాడుకోవచ్చు. అక్కడ జవాబు ఒక క్షణం పాతదైనా నష్టం లేదు.