పోస్ట్‌గ్రెస్ రోల్స్: గ్రూపులు బాగున్నాయి, కొత్త టేబుల్ దగ్గరే తంటా

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో పర్మిషన్ల సంగతి ఎవరడిగినా ఒకప్పుడు నా జవాబు ఒకటే: మనుషులకు నేరుగా ఏదీ ఇవ్వొద్దు, గ్రూపు రోల్‌కి ఇచ్చి మనుషుల్ని అందులో చేర్చండి (పోస్ట్‌గ్రెస్‌లో యూజరైనా గ్రూపైనా రోలే). ఇప్పుడూ అదే చెప్తాను, కాకపోతే డిఫాల్ట్ ప్రివిలేజెస్‌ని, అంటే కొత్తగా పుట్టే టేబుళ్లకి వాటంతటవే వచ్చే పర్మిషన్లని, కాసేపు తిట్టుకున్నాక.

మా దగ్గర రిపోర్టులు చూసేవాళ్లకి ఒక రోల్, కొత్త మార్పుల్ని డేటాబేస్‌లోకి ఎక్కించి టేబుళ్లు తయారుచేసే డిప్లాయ్‌కి ఇంకో రోల్. కొత్త మనిషి వస్తే ఒక్క గ్రాంట్‌తో (హక్కు ఇచ్చే ఆదేశం) పని అయిపోయేది. స్కీమాలోని (డేటాబేస్‌లో టేబుళ్లని కలిపి ఉంచే విభాగం) అన్ని టేబుళ్లకూ ఇచ్చే గ్రాంట్ అప్పటికి ఉన్న టేబుళ్లకే పనిచేస్తుంది కాబట్టి, ఇకముందు వచ్చేవాటి కోసం ఆల్టర్ డిఫాల్ట్ ప్రివిలేజెస్ కూడా పెట్టుకున్నాం. చాలాకాలం దాని జోలికి పోవాల్సిన పనే పడలేదు.

ఒక నెలాఖరు సాయంత్రం అకౌంట్స్ వాళ్ల రిపోర్టు 'పర్మిషన్ డినైడ్' అంటూ ఆగిపోయింది. పాత టేబుళ్లన్నీ చదవగలుగుతున్నారు, ఆ రోజే వచ్చిన ఇన్వాయిస్ టేబుల్ ఒక్కటే రావట్లేదు. రోల్‌లో సభ్యత్వం ఉంది. స్కీమాలోకి వెళ్లనిచ్చే యూసేజ్ హక్కూ ఉంది. ఇటు ఫోన్ మీద ఫోన్, ఒకటే టెన్షన్. చివరికి టేబుళ్ల జాబితాలో ఓనర్ కాలమ్ చూశాక గుట్టు తెలిసింది. డిప్లాయ్ ఎక్కడో ఇరుక్కుంటే మా టీంలో ఒకావిడ మైగ్రేషన్‌ని (టేబుళ్లు తయారుచేసే, మార్చే స్క్రిప్టు) సొంత లాగిన్‌తో నడిపారు. ఆవిడా డిప్లాయ్ రోల్‌లో సభ్యురాలే. అయినా లాభం లేదు. టేబుల్ ఏ రోల్ పేరు మీద తయారైతే ఆ రోల్‌కి పెట్టిన డిఫాల్ట్‌లే వర్తిస్తాయి. సభ్యత్వంతో ఆ రోల్‌కి గ్రాంట్ చేసిన హక్కులు వస్తాయి, ఇవి మాత్రం రావు. మాన్యువల్‌లో రాసే ఉంది, కాదనను. కానీ ఇంత ముఖ్యమైన చోట ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వకుండా ఊరుకుంటే ఎలా?

ఓనర్‌ని మార్చి, రిపోర్టుల రోల్‌కి సెలెక్ట్ (చదివే హక్కు) ఇస్తేగానీ ఆ రాత్రి గడవలేదు. తర్వాత మైగ్రేషన్లు నడిపేవాళ్లందరి లాగిన్‌లకీ 'ఆల్టర్ రోల్ సెట్ రోల్' పెట్టాం. లాగిన్ కాగానే డిప్లాయ్ రోల్‌లోకి మారిపోతారు, టేబుల్ దాని పేరు మీదే పుడుతుంది. అసలు లాగిన్ అయినవాళ్ల పేరు సెషన్ యూజర్‌లో అలాగే ఉంటుంది కాబట్టి ఎవరు చేశారన్నదీ పోదు. ఆ ఏర్పాటు చేశాక ఈ గొడవ మళ్లీ రాలేదు.

14వ వెర్షన్‌తో వచ్చిన, అన్ని టేబుళ్లూ చదవనిచ్చే పీజీ రీడ్ ఆల్ డేటా రోల్ ఉంటే ఈ బాధంతా ఉండదని ఒకరు సలహా ఇచ్చారు. నిజమే, అన్నీ అందరూ చదవొచ్చు అనుకునే చోట. మాకు జీతాల స్కీమా కూడా అదే డేటాబేస్‌లో ఉంది మరి.

మనుషుల్ని తీసేయడం తేలిక అని కూడా అనేవాణ్ణి. గ్రూపులోంచి తీయడం తేలికే. రోల్‌ని డ్రాప్ చేయాలంటే మాత్రం ఆ పేరు మీదున్న టేబుళ్లని ముందు ఇంకొకరికి రాసివ్వాలి, అదీ ప్రతి డేటాబేస్‌లోకీ విడివిడిగా వెళ్లి. మాది చిన్న టీం, డేటాబేస్‌లు నాలుగైదే, కాబట్టి సర్దుకుపోతున్నాం. పదుల కొద్దీ డేటాబేస్‌లున్నవాళ్లకి నా మాట ఎంతవరకు సరిపోతుందో చెప్పలేను.