డేటా వేర్‌హౌస్ ఆటోమేషన్ టూల్ కొనేవాళ్లు జాగ్రత్త, "దానంతట అదే సర్దుకుంటుంది" అంటే వెంటనే సంతకం పెట్టకండి

వేర్‌హౌస్ ఆటోమేషన్ టూల్ తీసుకుందాం అనుకుంటున్న చిన్న టీమ్‌ల వాళ్లు కొంచెం ఆగి ఇది చదవండి. డేటా వేర్‌హౌస్ అంటే రిపోర్టుల కోసం వ్యాపారం డేటా అంతా ఒకచోట చేర్చే డేటాబేస్, దాన్ని కట్టి నింపే పనిని మన బదులు చేసే సాఫ్ట్‌వేరే ఈ టూల్. "సోర్స్‌లో (అంటే డేటా వచ్చే సాఫ్ట్‌వేర్‌లో) ఏం మారినా మా టూల్ దానంతట అదే సర్దుకుంటుంది, మీరు చెయ్యి పెట్టక్కర్లేదు" అని చెప్పి మా కంపెనీ చేత ఏడాది లైసెన్స్ ముందే కట్టించుకున్నారు. టూల్ పేరు రాయట్లేదు, ఇదే మాట చెప్పి అమ్మేవి మార్కెట్లో ఇంకా ఉన్నాయి.

మాది విజయవాడలో మందుల డిస్ట్రిబ్యూషన్. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ డేటా వేర్‌హౌస్‌లోకి తెచ్చుకుని ట్యాక్స్, ఎక్స్‌పైరీ, జిల్లాలవారీ సేల్స్ రిపోర్టులు తీస్తాం. డెమోలో సోర్స్ టేబుల్‌కి కొత్త కాలమ్ ఒకటి కలిపి చూపించారు, అది టకామని వేర్‌హౌస్‌లో ప్రత్యక్షమైంది. కానీ అండి, కొత్త కాలమ్ కలవడం అన్నిటికంటే తేలిక మార్పు, దాని వల్ల మామూలుగా పాతది ఏదీ చెడదు. ప్రాణం తీసే మార్పులు వేరే ఉన్నాయి, అవి డెమోలో చూపించరు.

2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ రేట్లు మారాయి కదా, మందులు చాలావరకు 12 శాతం నుంచి 5కి దిగాయి. బిల్లింగ్‌లో ఐటమ్ మాస్టర్‌లో (ఒక్కో మందు వివరాలుండే టేబుల్‌లో) రేటు మార్చారు, టూల్ ఆ మార్పు పట్టుకుంది, పట్టుకుని పాత 12ని తుడిచేసి దాని మీదే 5 రాసేసింది. ఇంకేముంది, ఆగస్టులో అమ్మిన సరుకు కూడా రిపోర్టులో 5 శాతం కిందే వస్తోంది, ఫైల్ చేసిన రిటర్న్‌కీ మా రిపోర్టుకీ పొంతన లేదు, అకౌంట్స్ వాళ్లు పాత ఇన్‌వాయిస్‌లు తీసి ఒక్కొక్కటీ సరిచూసుకోవాల్సి వచ్చింది. నిజానికి పాత వరుసని సెప్టెంబర్ 21తో మూసేసి 22 నుంచి కొత్త వరుస తెరవాలి, పాతదీ కొత్తదీ రెండూ తేదీలతో ఉంచే ఈ పద్ధతినే టైప్ 2 అంటారు. సపోర్ట్‌ని అడిగితే ఆ ఫీచర్ ఉంది సార్, కానీ డిఫాల్ట్‌గా టైప్ 1 (పాతదాని మీదే కొత్తది రాసేయడం), ప్రతి టేబుల్‌కీ మీరే ఆన్ చేసుకోవాలి అన్నారు. మరి దానంతట అదే సర్దుకునేది ఎక్కడ? అప్పుడు ఆన్ చేసినా, అంతకు ముందే తుడిచేసిన హిస్టరీ దానంతట అదే తిరిగి రాదు.

ఇంకో దెబ్బ. బిల్లింగ్ వాళ్లు ఒక అప్‌డేట్‌లో బ్యాచ్ నంబర్ కాలమ్ పేరు మార్చారు. టూల్ దాన్ని పేరు మార్పుగా చూడలేదు, పాత కాలమ్ పోయింది కొత్తది వచ్చింది అనుకుంది. ఎర్రర్ లేదు, మెయిల్ లేదు, రోజూ డేటా తెచ్చే జాబ్ పక్కన పచ్చ టిక్. ఎక్స్‌పైరీ రిపోర్టులో మాత్రం బ్యాచ్‌లు ఖాళీ. మందుల వ్యాపారంలో బ్యాచ్ తెలియకపోతే వెనక్కి పంపాల్సిన సరుకు ఏదో ఎలా తెలుస్తుంది? లోడ్ ఆగిపోయి ఎర్రర్ ఇచ్చినా వంద రెట్లు నయం.

ఈ రెండూ సరిచేయడానికి మళ్లీ మొత్తం లోడ్ చేయమన్నారు. వాళ్ల చార్జీ వేర్‌హౌస్‌లోకి ఎన్ని వరుసలు తెస్తే అన్నిటి లెక్కన కాబట్టి ఆ రీలోడ్‌కి కూడా బిల్లు వేశారు, అది నాకు అస్సలు మింగుడు పడలేదు.

కాబట్టి వాళ్ల శాంపిల్ డేటా మీద డెమో ఒప్పుకోకండి, మీ డేటాబేస్ కాపీ ఇచ్చి మీ ఎదురుగా మార్పులు చేయించండి. కాలమ్ పేరు మార్చండి, నంబర్ ఉన్నచోట టెక్స్ట్ పెట్టండి, ఒక బిల్లు డిలీట్ చేయండి (అప్‌డేట్ టైమ్ చూసి మాత్రమే లోడ్ చేసే టూల్‌కి డిలీట్ కనపడదు, డేటాబేస్ లాగ్, అంటే జరిగిన ప్రతి మార్పూ రాసుకునే ఫైల్, చదివేదైతే తెలుస్తుంది). ఆంధ్రా కస్టమర్లు ఉంటే జిల్లాల పరీక్ష కూడా పెట్టండి, 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి, విజయవాడ షాపు కృష్ణా నుంచి ఎన్టీఆర్ జిల్లాకి మారింది, 2021 సేల్స్ ఏ జిల్లా కింద చూపిస్తుందో అడగండి. పాత జిల్లా లెక్కా కొత్త జిల్లా లెక్కా రెండూ తీయగలగాలి.

టూల్ తయారు చేసే ఎస్‌క్యూఎల్ (డేటాని లోడ్ చేసే కోడ్) మీ చేతికి ఇస్తారా, లైసెన్స్ అయిపోయాక అది నడుస్తుందా అన్నది అగ్రిమెంట్‌లోనే రాయించుకోండి. మాకు నడవదట, అందుకే లైసెన్స్ ముగిసేలోపు ట్యాక్స్, బ్యాచ్ టేబుళ్ల లోడ్‌లు ముందు మేమే చేత్తో రాసుకుంటున్నాం.