పిండుడులోనే లాభం: 25 కిలోల వాషర్ ఎక్స్‌ట్రాక్టర్ మీద నా సమీక్ష

కూకట్‌పల్లిలో మాది చిన్న లాండ్రీ. లాడ్జీల దుప్పట్లు, హాస్టల్ పిల్లల బట్టలు, రెండు క్లినిక్కులు, ఒక స్పా. నాలుగేళ్లకు పైగా ఈ పనంతా ఒకే ఒక్క 25 కిలోల సాఫ్ట్ మౌంట్ వాషర్ ఎక్స్‌ట్రాక్టర్ మీద, అంటే స్ప్రింగుల మీద కూర్చుని, ఉతికిన బట్టను వేగంగా తిప్పి నీళ్లు కూడా పిండేసే పెద్ద వాషింగ్ మెషిన్ మీద నడుస్తోంది. కంపెనీ పేరు రాయను. ఇక్కడ చెప్పే మంచీ చెడూ ఈ తరగతి మెషిన్లన్నిటికీ ఇంచుమించు ఉన్నవే.

అమ్మేవాళ్లు మీకు ఉతుకు చూపిస్తారు. ఎన్ని ప్రోగ్రాములు, ఎంత పెద్ద స్క్రీను, సబ్బు దానంతటదే ఎలా పడుతుందో చూపిస్తారు. మాకు డబ్బు మిగిల్చింది మాత్రం చివరి ఏడెనిమిది నిమిషాల స్పిన్.

మా డ్రమ్ము వ్యాసం 75 సెంటీమీటర్లు. నిమిషానికి 900 చుట్లు తిరిగితే బట్టలోని నీటిని భూమి ఆకర్షణకు దాదాపు 340 రెట్ల బలం బయటికి తోస్తుంది. బ్రోచర్లలో జీ ఫ్యాక్టర్ అని ఉండేది ఇదే. వేగం సగానికి తగ్గితే ఈ బలం నాలుగో వంతుకు పడిపోతుంది. కాంక్రీటు దిమ్మెలో బిగించే హార్డ్ మౌంట్ మెషిన్లు చాలావరకు 100, 200 జీ మధ్యనే ఆగుతాయి. స్ప్రింగుల మీద కూర్చునే సాఫ్ట్ మౌంట్ వాటిలో 300 దాటినవి దొరుకుతాయి. ధర ఎక్కువే.

ఆ ఎక్కువ ధర ఎక్కడ తిరిగొస్తుందో చూడండి. 100 జీ దగ్గర పిండిన 25 కిలోల నూలు దుప్పట్లలో ఇంకా 20 కిలోలకు పైనే నీళ్లుంటాయి. 340 దగ్గర పన్నెండు, పదమూడు కిలోలకు దిగుతాయి. లోడుకు పది లీటర్లు తేడా అనుకోండి. లీటరు నీళ్లను ఆవిరి చేయడానికి డ్రయ్యర్‌లో వృథాతో కలిపి సుమారు ఒక యూనిట్ వేడి కావాలి, అంటే లోడుకు పది యూనిట్లు. 19 కిలోల కమర్షియల్ సిలిండర్‌లో ఉండే వేడి దాదాపు 240 యూనిట్లు. ఈ లెక్కన ఇరవై నాలుగు లోడ్లకు ఒక సిలిండర్ మిగలాలి. కాగితం మీది లెక్కే అయినా మా గ్యాస్ బిల్లులు దానికి మరీ దూరంగా లేవు. అదే నీటిని మోటారు బయటికి తోయడానికి అయ్యే కరెంటు చెప్పుకోదగ్గది కాదు.

గ్యాస్ కంటే పెద్ద లాభం టైము. ఏ లాండ్రీలోనైనా పని వచ్చి ఆగేది డ్రయ్యర్ దగ్గరే. పాత మెషిన్ ఉన్నప్పుడు ఉతికిన లోడు బుట్టలో పడి డ్రయ్యర్ ఖాళీ కోసం ఎదురు చూసేది. ఇప్పుడు తర్వాతి లోడు ఉతుకు అయ్యేలోపే ముందుది ఆరిపోతుంది. రెండో డ్రయ్యర్ కొనకుండానే రెండో లాడ్జీని ఒప్పుకోగలిగాం. లాడ్జీల గురించి ఒక మాట: మంచానికి మూడు సెట్లు ఉంచేవాళ్లతోనే వ్యాపారం పెట్టుకోండి. ఒకటి మంచం మీద, ఒకటి బీరువాలో, ఒకటి మన దగ్గర. రెండే సెట్లున్న లాడ్జీ తన టెన్షన్ అంతా రోజూ సాయంత్రం మీ ఫోనుకి పంపిస్తుంది.

25 కిలోలు అన్నంత మాత్రాన నమ్మకండి. డ్రమ్ము లోపలి ఘనపరిమాణం ఎన్ని లీటర్లో అడగండి. కిలోకు పది లీటర్లు ఉంటే నిజమైన 25. కొందరు 200 లీటర్ల డ్రమ్ముకి కూడా 25 అని రాస్తారు. దాంట్లో అంత బట్ట కుక్కితే దొర్లడానికి చోటుండదు, మురికి వదలదు.

నీళ్ల విషయం కొంచెం వివరంగా చెప్పాలి. మా బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటాయి. అలాంటి నీళ్లలో సబ్బు సగం కాల్షియంతో కలిసి తెట్టుగా పోతుంది, తెల్ల గలీబులు కొన్ని నెలల్లో బూడిద రంగుకి తిరుగుతాయి, హీటర్ రాడ్లకు సున్నం పేరుకుంటుంది. నీళ్లలో గట్టిదనం తీసే సాఫ్ట్‌నర్ పెట్టాక సబ్బు ఖర్చు బాగా తగ్గింది. దానికి క్రమం తప్పకుండా ఉప్పు పోసి కడగాలి, ఆ ఉప్పు నీళ్లు మొక్కలకు పనికిరావు. పర్యావరణం పేరుతో అమ్మేవాళ్లు ఈ సంగతి చెప్పరు. నాకు నిజంగా నచ్చిన పొదుపు వేరే ఉంది. చివరి జాడింపు నీళ్లను ట్యాంకులోకి పట్టి తర్వాతి లోడు మొదటి ఉతుకుకి వాడుతున్నాం. మెషిన్‌కి రెండో డ్రెయిన్ వాల్వు ఉంటేనే ఇది సులువు. క్లినిక్ బట్టల నీళ్లు మాత్రం ఎప్పుడూ పట్టం.

వేడి నీళ్లకు మేడ మీద సోలార్ పెట్టాం. 100 లీటర్లను 25 డిగ్రీల నుంచి 65కి తేవాలంటే నాలుగున్నర యూనిట్లకు పైనే పడుతుంది, అందులో ఎక్కువ భాగం ఎండే ఇస్తుంది. క్లినిక్ దుప్పట్లకు 71 డిగ్రీలు కావాలి, మిగిలిన ఆ కాస్త మెషిన్ హీటర్ చూసుకుంటుంది. హెర్బర్ట్ సిన్నర్ అనే జర్మన్ నిపుణుడు 1959లో ఒక చక్రం గీశాడు: ఉతుకంటే వేడి, సమయం, రసాయనం, రాపిడి, ఒకటి తగ్గిస్తే ఇంకొకటి పెంచాలి. ఇది మా నాన్నకి చెబితే నవ్వాడు. చౌడు మట్టి పెట్టి, రాత్రంతా ఆవిరిలో ఉబ్బ వేసి, పొద్దున బండ మీద బాదినవాడు ఆయన. నాలుగూ అందులోనే ఉన్నాయి.

స్పా టవళ్లు తీసుకునేవాళ్లు జాగ్రత్త. సరిగా వదలని మసాజ్ నూనె ఉన్న టవళ్లను డ్రయ్యర్ నుంచి వేడివేడిగా తీసి కుప్ప వేస్తే లోపల వేడి పెరిగి వాటంతటవే అంటుకోగలవు. చల్లార్చే చివరి నిమిషాలను ఎంత తొందరలో ఉన్నా ఆపకూడదని మా కుర్రాళ్లకు గట్టిగా చెప్పి పెట్టాను.

ఇక సణుగుడు. ఒక బరువైన కర్టెను, నాలుగు గలీబులు కలిపి వేస్తే బరువు ఒక పక్కకి చేరుతుంది. మెషిన్ స్పిన్ ఆపి, మళ్లీ దొర్లించి, మళ్లీ ప్రయత్నిస్తుంది. ఒక్కోసారి పావుగంట పోతుంది. ఒకే రకం బట్ట, నిండు లోడు ఇస్తే ఈ గొడవ ఉండదు, కానీ హాస్టల్ బట్టలు అలా రావు. డ్రెయిన్ వాల్వులో పిన్నులు, నాణేలు, దారాలు ఇరుక్కుంటాయి. వర్షాకాలంలో వోల్టేజి ఊగినప్పుడు మోటారు వేగాన్ని నడిపే ఇన్వర్టర్ బోర్డు ఎర్రర్ చూపించి నిలబడిపోతుంది. స్టెబిలైజర్ పెట్టాక తగ్గింది, పూర్తిగా పోలేదు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ షాఫ్ట్ సీలు, అంటే డ్రమ్ము ఇరుసు దగ్గర నీళ్లు బయటికి రాకుండా ఆపేది. మూడో ఏడు దాటాక కారడం మొదలైంది. నీళ్లు బేరింగులోకి పోయి స్పిన్‌లో గరగర వచ్చింది. సర్వీసు మనిషి వచ్చింది చాలా ఆలస్యంగా, విడిభాగాలు ఇంకా ఆలస్యంగా. ఈలోగా లోడ్లు ఇంకో లాండ్రీకి ఇచ్చి నడిపాం, ఆ నెల లాభం అటే పోయింది. అంత వేగంతో తిరిగే మెషిన్‌లో బేరింగు అరగడం మామూలే. విడిభాగం ఊళ్లో లేకపోవడమే నాకు కోపం తెప్పించింది.

తెలంగాణలో లాండ్రీలకు 2021 ఏప్రిల్ నుంచి నెలకు 250 యూనిట్ల కరెంటు ఉచితం అన్నప్పుడు ఇస్త్రీ బండ్లకి, చిన్న షాపులకి అది పెద్ద ఊరట. ఈ సైజు మెషిన్‌ని నీళ్లు వేడి చేయడంతో సహా రోజంతా నడిపితే 250 ఎక్కువ రోజులు రావు. దాన్ని నమ్ముకుని ఈఎంఐ లెక్క వేయకండి.

రోజుకి ఐదారు లోడ్లు లేనివాళ్లకి ఇది అనవసరం, చిన్న మెషిన్లు రెండు తీసుకుంటే ఒకటి ఆగినా ఇంకొకటి నడుస్తుంది. ఎండ బాగా తగిలే పెద్ద మేడ ఉండి, హాస్టల్ బట్టలే ఎక్కువైతే అంత స్పిన్ కూడా అక్కర్లేదు. లాడ్జీ, క్లినిక్ పని ఉన్నవాళ్లు నిస్సంకోచంగా తీసుకోవచ్చు. కొటేషన్‌లో జీ ఫ్యాక్టర్, డ్రమ్ము లీటర్లు, సీలు, బేరింగు కిట్ ధర, అది ఏ ఊళ్లో స్టాకు ఉంటుందో రాసివ్వమనండి.